చంటిబాబుతో ఘనాకి వెళ్తున్నాం, టీకాలు వేయించుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: మావారు రెండేళ్లుగా ఘనాలో ఉద్యోగం చేస్తున్నారు. రాజధాని అక్రాలో ఉంటారు. డిసెంబరులో నేను, మా పిల్లలిద్దరు, మా అత్తగారు కలిసి నెల రోజులు ఉండేలా ఆయన దగ్గరకు వెళ్తున్నాం. ఇంకా ఐదు వారాల టైముంది. పాపకు నాలుగేళ్లు, బాబుకు పదకొండు నెలలు, ఇంకా నా పాలు తాగుతున్నాడు. అత్తగారికి 66 ఏళ్లు. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటారు, బీపీ మాత్రలు కూడా వాడతారు. ఎల్లో ఫీవర్ టీకా తప్పదని తెలుసు. మిగతావాటి గురించి ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. మలేరియా మాత్రల సంగతి అడిగితే మావారు 'ఇక్కడ ఎవరూ వేసుకోరు, టీకాలు వేయించుకుని వస్తే చాలు' అంటున్నారు. బాబుని తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది టీకాల సంగతి కాదు, మీవారి మాట. అందుకే దాని దగ్గరే మొదలుపెడతాను.

ఘనా అంతటా మలేరియా ఉంది. అక్రా నగరంలోనూ ఉంది, ఏడాది పొడవునా ఉంటుంది. అక్కడ ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం రకం. మలేరియా రకాలన్నిటిలో ప్రాణాల మీదకు తెచ్చేది అదే. జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకో కిడ్నీలకో ఎక్కగలదు. చంటిపిల్లల్లో ఇంకా త్వరగా ముదురుతుంది. దీనికి మీరు వేయించుకోగలిగిన టీకా లేదు. మలేరియా టీకా వచ్చింది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, 2019లో ఆ టీకాను పిల్లలకు వేయడం మొదలుపెట్టిన మూడు దేశాల్లో ఘనా ఒకటి. 2023లో రెండో రకం టీకాకు అందరికంటే ముందు అనుమతి ఇచ్చిన దేశమూ అదే. కానీ ఆ టీకాలు మలేరియా ప్రాంతంలోనే పుట్టి పెరిగే పసిపిల్లల కోసం. నెల రోజులకు వెళ్లివచ్చే వాళ్లకు ఇవ్వరు. మీకున్న రక్షణ రెండే: మాత్రలు, దోమ కుట్టకుండా చూసుకోవడం.

'ఇక్కడ ఎవరూ వేసుకోరు' అని మీవారు అంటున్నది అబద్ధం కాదు. అక్కడి పెద్దవాళ్లు వేసుకోరు. వాళ్లకు చిన్నప్పటి నుంచి పదేపదే మలేరియా వచ్చి, ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఏర్పడి ఉంటుంది. అది పూర్తి రక్షణ కాదు, ఆ ఊరు వదిలి వేరే దేశంలో ఉంటే తగ్గిపోతుంది కూడా. అక్కడే పుట్టినా ఆ శక్తి ఇంకా రాని పసిపిల్లలే మలేరియాకు ఎక్కువగా బలవుతున్నారు. మీ బాబుకీ పాపకీ ఆ శక్తి అసలు లేదు. మీకూ మీ అత్తగారికీ లేదు. రెండేళ్లున్నంత మాత్రాన మీవారికీ వచ్చి ఉండదు, ఆయన ఇప్పటిదాకా బాగానే ఉండటం అదృష్టం. ఈ పేరా ఆయనకు చూపించండి. మీరు చెప్తే భయమనుకుంటారేమో, నా మాటగా చెప్పండి.

మాత్రల్లో పెద్దవాళ్లకు మామూలుగా మూడు రకాలు రాస్తారు. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్రను ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజూ వేసుకుని, తిరిగొచ్చాక ఇంకో ఏడు రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ కూడా ఒకటి రెండు రోజుల ముందే మొదలవుతుంది, కానీ వచ్చాక నాలుగు వారాలు వాడాలి. ఎండలో చర్మం కమిలిపోయేలా చేస్తుంది, చిన్నపిల్లలకు ఇవ్వరు. మెఫ్లోక్విన్ వారానికి ఒకటే. దాన్ని రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. కొందరికి నిద్ర పట్టకపోవడం, పీడకలలు, మనసు దిగులుగా ఉండటం లాంటివి వస్తాయి. మూర్ఛ, డిప్రెషన్ లాంటి సమస్యలు ఎప్పుడైనా వచ్చినవాళ్లు దాన్ని వాడకూడదు. క్లోరోక్విన్ అక్కడి మలేరియాపై పనిచేయదు. ఇంట్లో పాత స్ట్రిప్ ఉంది కదా అని దాన్ని పట్టుకెళ్లకండి.

మీ కుటుంబానికి మొదటి రకమే అనువుగా ఉంటుందని నా అభిప్రాయం. అది పిల్లల మోతాదులోనూ దొరుకుతుంది. బరువును బట్టి డోసు లెక్కగడతారు కాబట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లిన రోజే బాబునీ పాపనీ తూకం వేయించండి. పాలతోనో ఏదైనా తిన్నాకో ఇస్తే మందు ఒంటికి బాగా పడుతుంది. మీరు మాత్ర వేసుకుంటే మీ పాల ద్వారా బాబుకు రక్షణ వెళ్తుందని అనుకోకండి. పాలలోకి వెళ్లే మందు బాబుకు చాలదు, వాడి డోసు వాడికి విడిగా వేయాల్సిందే. అత్తగారికి ముందు కిడ్నీ పరీక్ష చేయించాలి. షుగర్ చాలాకాలంగా ఉంటే కిడ్నీ పనితీరు తగ్గి ఉండవచ్చు. బాగా తగ్గితే ఈ మాత్ర పనికిరాదు. ఆవిడ వాడే మందులన్నిటి జాబితా డాక్టర్‌కి చూపించండి. మాత్రలన్నీ బయల్దేరే ముందే కొనుక్కోండి. నకిలీ మలేరియా మందుల బెడద ఆఫ్రికాలో చాలాచోట్ల ఉంది. ఇంకో మాట, ఈ మాత్రలు పిల్లల చేతికి అందకుండా పెట్టండి.

ఇక ఎల్లో ఫీవర్. తొమ్మిది నెలలు దాటిన ప్రతి ప్రయాణికుడి దగ్గరా టీకా సర్టిఫికెట్ ఉండాలని ఘనా నిబంధన. అంటే మీ బాబుకూ కావాలి. తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు ఈ టీకా వేయవచ్చు. బాబు ఆ వయసు దాటాడు కాబట్టి, మీరు పాలిస్తున్నా మీరు వేయించుకోవడానికి ఇబ్బంది లేదు. ఒక్క డోసు చాలు. 2016 జులై నుంచి ఈ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. ఇదివరకు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది. అయితే అది చెల్లడం మొదలయ్యేది టీకా వేసిన పది రోజుల తర్వాత. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, అక్కడ అపాయింట్‌మెంట్ దొరకడానికే రోజులు పట్టవచ్చు. అందుకని ముందు చేయాల్సిన పని ఇదే. ఇచ్చే పసుపు పుస్తకంలో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా, ముద్ర, సంతకం పడ్డాయా అని అక్కడే నిలబడి చూసుకోండి. తిరుగు ప్రయాణంలోనూ ఆ పుస్తకం చేతి బ్యాగులోనే ఉండాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి వచ్చేవాళ్లను చాలా దేశాలు అది చూపించమంటాయి, లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అవకాశం ఉంది.

అత్తగారి విషయం దగ్గర కాస్త ఆగాలి. ఎల్లో ఫీవర్ టీకాలో ఉండేది బలం తగ్గించిన సజీవ వైరస్. ఎనభై ఏళ్లకు పైగా కోట్లాది మందికి వేసిన, మంచి పేరున్న టీకా. కానీ అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో కాలేయాన్నో నరాలనో దెబ్బతీసే తీవ్రమైన దుష్ఫలితాలు, చాలా అరుదే అయినా, మిగతావాళ్లకంటే ఎక్కువ. షుగర్ ఉన్నంత మాత్రాన టీకా మానాల్సిన పని లేదు. 66 ఏళ్లన్న ఒక్క కారణంతోనూ మానరు. కానీ ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి తీసేసినా, ఆ గ్రంథికి జబ్బున్నా, కండరాలు బలహీనపడే మయస్థీనియా జబ్బు ఉన్నా, స్టెరాయిడ్లు లేదా కీమోథెరపీ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా, గుడ్డు పడక తీవ్రమైన అలర్జీ వచ్చి ఉన్నా ముందే చెప్పాలి. ఇలాంటి కారణం ఉంటే డాక్టర్ మినహాయింపు పత్రం రాసిస్తారు. ఆ పత్రం విమానాశ్రయంలో అధికారిని ఒప్పించవచ్చు. ఘనాలో ఎల్లో ఫీవర్ నిజంగానే ఉంది, కాబట్టి దోమ దగ్గర ఆ పత్రం ఎందుకూ పనికిరాదు. టీకా వేయకూడదని డాక్టర్ తేల్చితే ఆవిడ ఈ ప్రయాణం మానుకోవడమే మేలని నేను చెప్తాను. కొడుకును చూడాలని ఎంత ఆశగా ఉంటుందో అర్థం చేసుకోగలను. ఆ పరిస్థితి వస్తే మీవారే సెలవు పెట్టుకుని రావడం మంచిది.

మిగతా టీకాల్లో అందరూ ముందుగా చూసుకోవాల్సినది పాత కార్డు. ధనుర్వాతం, డిఫ్తీరియా బూస్టర్ పదేళ్లలోపు పడిందా? పోలియో డోసులు పూర్తయ్యాయా? మీజిల్స్ టీకా రెండు డోసులు పడ్డాయా? బాబుకు మీజిల్స్ మొదటి డోసు ఇంకా పడకపోతే ప్రయాణానికి ముందు వేయించాలి. ఇదీ సజీవ టీకాయే. ఎల్లో ఫీవర్‌కీ దీనికీ మధ్య వీలైతే నాలుగు వారాల తేడా ఉంటే మంచిది. మీకు ఐదు వారాలే ఉన్నాయి కాబట్టి ఇది ఈ వారమే తేల్చుకోండి. టైము లేకపోతే రెండూ ఒకే రోజు వేస్తారు.

తిండి, నీళ్ల ద్వారా వచ్చేవాటికి హెపటైటిస్ ఏ, టైఫాయిడ్ టీకాలు వేయించుకోమనే చెప్తాను. హెపటైటిస్ ఏ ఒక్క డోసుతోనే ఈ ప్రయాణానికి సరిపడా రక్షణ వస్తుంది. ఆరు నెలల తర్వాత రెండోది వేయించుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. టైఫాయిడ్‌లో ఒక రకం రెండేళ్లు నిండినవాళ్లకే వేస్తారు, కొత్తగా వచ్చిన కాంజుగేట్ రకం ఆరు నెలల నుంచీ వేయవచ్చు. హెపటైటిస్ బి పిల్లలకు ఈపాటికే పడి ఉంటుంది, మీరు మీ సంగతి చూసుకోండి. కలరా టీకా మీలాంటి ప్రయాణానికి మామూలుగా అవసరం పడదు.

మెదడు చుట్టూ ఉండే పొరలకు వాపు తెచ్చే మెనింజైటిస్ జబ్బుకు వేసే టీకా మాత్రం మీరు ఎక్కడెక్కడ తిరుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఆఫ్రికాకు అడ్డంగా ఉన్న ప్రాంతంలో డిసెంబరు నుంచి జూన్ వరకు, గాలి పొడిగా ఉండే కాలంలో ఆ జబ్బు విజృంభిస్తుంది. ఘనా ఉత్తర భాగం ఆ పట్టీలోకే వస్తుంది. అక్రాలోనే ఉంటే అవసరం తక్కువ. ఉత్తరాన ఉన్న టమాలే వైపు వెళ్లాలని మీవారు ప్లాన్ వేసి ఉంటే ఆ టీకా వేయించుకోవాలి. ఆయన్ను ఇప్పుడే అడిగి, ఊళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

రేబిస్ టీకా ముందే వేయించుకోవడం చాలామంది అనవసరం అనుకుంటారు. పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది వేరు. నాలుగేళ్ల పాప కుక్క కనిపిస్తే చేయి చాపుతుంది, గీరినా ఇంట్లో చెప్పదు. పిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి కాటు ముఖం మీదో మెడ మీదో పడే ప్రమాదం ఎక్కువ. వారం తేడాతో రెండు డోసులు ముందే వేయించుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అలా వేయించుకుంటే, కాటు పడ్డాక ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు అక్కర్లేదు. ఆ మందు దొరకడం చాలా దేశాల్లో కష్టం. కాటు పడ్డాక వేసే టీకా డోసులు మాత్రం అప్పుడూ తప్పవు. టీకా వేయించుకున్నా లేకపోయినా, కుక్క గానీ కోతి గానీ కరిచినా గీరినా వెంటనే సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

దోమల విషయంలో పగలు, రాత్రి రెండూ చూసుకోవాలి. మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. ఎల్లో ఫీవర్, డెంగీ దోమ పగలు కుడుతుంది. పగటి నిద్రకు బాబుని పడుకోబెట్టినా దోమతెర వేయండి. పెర్మెత్రిన్ మందు పట్టించిన తెరలు దొరుకుతాయి, అవే కొనండి. ఒంటికి రాసుకునే మందులో డీట్ కనీసం 20 శాతం గానీ పికారిడిన్ 20 శాతం గానీ ఉందేమో డబ్బా మీద చూడండి. రెండు నెలలు దాటిన పిల్లలకు డీట్ రాయవచ్చు. కాకపోతే మీ చేతికి రాసుకుని పిల్లలకు పూయాలి, వాళ్ల అరచేతులకు, కళ్లు, నోటి దగ్గర వద్దు. సన్‌స్క్రీన్ రాసేటట్లయితే ముందు అది, ఆరాక దోమల మందు. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కాలు, కాళ్లు కప్పే ప్యాంట్లు వేయండి. బట్టలు వదులుగా, లేత రంగువి అయితే ఉక్కపోత తక్కువ.

వేడి గురించి మీరు అడగలేదు కానీ, అత్తగారి విషయంలో నాకు దిగులు అదే. కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి వారం మధ్యాహ్నం పూట ఎక్కడికీ తిప్పకండి. ఆవిడ బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేది ఉంటే చెమటతో కలిసి ఒంట్లో నీరు, ఉప్పు పడిపోయి కళ్లు తిరగవచ్చు. బయల్దేరే ముందు ఆవిడ డాక్టర్‌ని ఈ సంగతి అడిగి, డోసు మార్చాలో వద్దో తేల్చుకోండి, మీ అంతట మీరు ఆపకండి. ఇన్సులిన్‌ను చెక్-ఇన్ సామానులో వేయకూడదు, అక్కడ గడ్డకట్టిపోవచ్చు. డాక్టర్ చీటీతో సహా చేతి బ్యాగులో పెట్టండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి, ఆగివున్న కారులో వదిలేస్తే పాడైపోతుంది. వేడిలో ఇన్సులిన్ త్వరగా ఒంటికి పట్టి షుగర్ పడిపోవచ్చు కాబట్టి మామూలుకంటే ఎక్కువసార్లు చూసుకోవాలి. నీరసం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే నీడకు తీసుకెళ్లి నీళ్లు తాగించండి. మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చూడండి. డిసెంబరులో సహారా వైపు నుంచి హర్మటాన్ అనే దుమ్ము గాలి వీస్తుంది. ఆవిడకు ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ తప్పకుండా ఉండాలి.

తిండి సంగతి తెలిసిందే, వేడివేడిగా వండినవి తినండి, తొక్క మీరే తీసిన పండ్లు తినండి, సీలు వేసిన నీళ్లు గానీ కాచినవి గానీ తాగండి. ఐసు దగ్గర చాలామంది మోసపోతారు. బాబుకు పాలు మాన్పించే ఆలోచన ఉంటే ఈ ప్రయాణం అయ్యేదాకా వద్దు. పిల్లలకు విరేచనాలు పడితే ఓఆర్ఎస్ ప్రాణాధారం, ప్యాకెట్లు ఎక్కువగానే పట్టుకెళ్లండి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర పిల్లలకు ఇవ్వకూడదు. పెద్దవాళ్లయినా జ్వరం గానీ రక్తం గానీ ఉంటే వాడకూడదు. బాబు మూత్రం పోయడం తగ్గినా, కళ్లు లోపలికి పోయినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా ఇంటి దగ్గర ఉండకండి.

వోల్టా సరస్సుకు పిక్నిక్ వెళ్తే పిల్లల్ని నీళ్లలో దించకండి. ఆ నీళ్లలోని నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా పరాన్నజీవి కొన్ని నిమిషాల్లోనే చర్మం గుండా లోపలికి పోతుంది. పడవ ఎక్కి చూసి రావచ్చు. రోడ్డు ప్రమాదాల భయం కూడా తక్కువేమీ కాదు. పిల్లలకు కారు సీటు ఏర్పాటు చేయమని మీవారికి ఇప్పుడే చెప్పండి, రాత్రిపూట ఊళ్ల మధ్య ప్రయాణాలు వద్దు. ఆసుపత్రి ఖర్చుతో పాటు అవసరమైతే వేరే దేశానికి తరలించే ఖర్చు కూడా ఇచ్చే ఇన్సూరెన్స్ తీసుకోండి. అత్తగారి షుగర్, బీపీ అందులో దాచకుండా రాయండి.

అక్కడ ఉండగా జ్వరం వస్తే పారాసెటమాల్ ఇవ్వండి. ఐబుప్రొఫెన్, యాస్పిరిన్ వద్దు, ఒకవేళ అది డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించండి. మాత్రలు వాడుతున్నాం కదా అని ఆగకండి, ఏ మాత్రా నూటికి నూరు శాతం కాపాడదు. మొదటి పరీక్షలో లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ చేయించాలి.

తిరిగొచ్చాక ఇంటి దగ్గరే ఉన్నాం కదా అని మాత్రలు మధ్యలో ఆపేసేవాళ్లు చాలామంది. డాక్టర్ చెప్పిన ఆఖరి రోజు దాకా వేయండి, ఎందుకంటే చివరి రాత్రి కుట్టిన దోమ వల్ల మలేరియా బయటపడేది కనీసం వారం తర్వాతే. మొదటి మూడు నెలలు ఎక్కువ జాగ్రత్త, ఏడాది వరకూ గుర్తుపెట్టుకోవాలి. పిల్లల్లో చలిజ్వరంలా రాకుండా వాంతులు, దగ్గు, విరేచనాలతోనూ మొదలవుతుంది, ఇంట్లో వాళ్లు జలుబనుకుంటారు. మీవారు సెలవుకు వచ్చినప్పుడు ఆయనకూ ఇదే వర్తిస్తుంది. అర్ధరాత్రి జ్వరం వచ్చినా పొద్దున చూద్దాం అనుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, ఘనా నుంచి వచ్చామన్నది మొదటి మాటగా చెప్పి, మలేరియా పరీక్ష చేయమని అడగండి.